నిలుచు లాభము



గడచిన సంక్రాంతినాఁడు మా సంఘములోని యొక పడుచువాఁడు నన్నిట్లడిగెను: “తాతగారూ, క్రైస్తవుఁడనై యుండుటవలన నాకేమి లాభము?” సంఘపెద్దనైయుండియు నేను బదులు చెప్పఁజాలనైతిని. ఏలయనఁగా, ఆ దినములలో మూరెడు గట్టుకొఱకు నా తోడఁబుట్టిన తమ్మునిపై నేను వ్యాజ్యము నడపుచుంటిని. అట్టి నాకు పరలోకమును గూర్చి చెప్పుటకు నోరాడలేదు.

ఆ రాత్రి ఒంగోలు ప్రాంతపు పూర్వవృత్తాంతము నాకు జ్ఞప్తికి వచ్చెను. 1876–78 సంవత్సరముల గొప్ప కఱవులో జనులు గంజికైనను నోచుకొనక మాఁడుచుండిరి. అమెరికా బాప్తిస్టు మిషనరీయగు జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకుఁ దీసికొని, వేలకొలఁది జనులకు కూలిపని కల్పించిరి. విశ్రాంతివేళల బోధకులు వారికి సువార్త చెప్పుచుండిరి. ఎందఱో బాప్తిస్మము నిమ్మని వేఁడిరి. దొరగారు సమ్మతింపలేదు. కూటికొఱకు వచ్చినవాఁడు కూడు దొరకినంతనే మరలిపోవునని వారి శంక. ఏఁడాదికిఁ బైగా వారు బాప్తిస్మములను నిలిపివేసిరి.

కఱవుసహాయము ముగిసిన పిమ్మటను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లికడ గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అందఱి హృదయములను దేవుఁడే యెఱుఁగును. కాని యా దినమున ఏటియొడ్డున కూలి లేదు, గింజలు పంచువారును లేరు.

దొరగారు కూటిని చులకన చేయలేదు. ముందుగా కూడే పెట్టిరి. అయితే దానిని విశ్వాసమునకు వెలగాఁ గట్టలేదు. ఈ భేదమును నేను మఱచితిని. అన్నదమ్ముల పంపకము తీర్చుమని యొకఁడు క్రీస్తు నడిగినప్పుడు, ఆయన తీర్పరిగా నుండనొల్లక, కొట్లు పెద్దవిగాఁ గట్టఁదలఁచి యా రాత్రియే ప్రాణము విడువవలసిన ధనికుని కథ చెప్పెను. లూకా సువార్త 12వ అధ్యాయములోని యా మాటలను నేనెన్నిమాఱులో సంఘమునకుఁ జదివి వినిపించితిని. నాకు మాత్రము వినిపింపలేదు.

మఱునాఁడు తమ్ముని వాకిటికిఁ బోయి, “గట్టు నీదేరా; నాకింత అన్నము పెట్టుము” అంటిని. వాఁడు కంటఁ దడిపెట్టి పీఁట వాల్చెను. ఎనిమిదేండ్లకు మేము కలిసి భుజించితిమి. ఆ సాయంకాలము పడుచువానిని పిలిచి, జరిగినది జరిగినట్లు చెప్పితిని. వాఁడు మరల లాభమేమని నన్నడుగలేదు.

అయ్యలారా, మీ యూళ్లలోను గట్లున్నవి, తమ్ములున్నారు. గట్టు ఇక్కడనే యుండును, మనము వెళ్లుదుము. సెలవు.