ఒకే గది, ఇద్దరు పిల్లలు, రెండు నిద్ర వేళలు

ఈ మధ్య నాకు కలిసిన అమ్మల్లో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "ఇద్దరు పిల్లలు, ఒకటే గది. ఒకరికి ఎనిమిదిన్నరకే కళ్లు మూతలు పడిపోతాయి, ఇంకొకరు పదైనా గంతులేస్తూనే ఉంటారు. ఎలాగండీ పడుకోబెట్టడం?" అని. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. ముందు నేను చేసిన తప్పు చెప్తాను. అది చాలా ఇళ్లల్లో జరుగుతోందని నా అనుమానం.

మాది కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. ఒకదాంట్లో మేమిద్దరం, రెండోదాంట్లో పిల్లలు. మా అత్తయ్య హాల్లో దివాన్ మీద పడుకుంటారు, గాలి అక్కడే బాగా వస్తుందంటారు. పాపకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. బాబుకి మూడున్నర. పోయిన జూన్‌లో వాణ్ణి మా గదిలోంచి అక్క గదిలోకి మార్చాం. అప్పుడు మొదలైందండీ కథ.

పాప పొద్దున్న ఆరుంపావుకి లేవాలి, ఏడుంపావుకి స్కూల్ బస్సు. రాత్రి ఎనిమిదిన్నరకి దానికి చీకటి కావాలి, నిశ్శబ్దం కావాలి, అంతే. వాడికేమో జీరో బల్బు కావాలి, కథ కావాలి, కథయ్యాక మంచినీళ్లు, నీళ్లయ్యాక బాత్రూమ్, బాత్రూమ్ నుంచి వచ్చాక "అక్కా, అక్కా, పడుకున్నావా?" అని దాని మీదకెక్కి అడగాలి.

నేనేం చేశానంటే, ఇద్దర్నీ ఒకేసారి ఎనిమిదిన్నరకి గదిలోకి పంపేసి తలుపు దగ్గరికి వేశాను. ఒక్కసారే పని తెమిలిపోతుందని, అంతే. వాడు నిద్రపోడు. దాన్నీ పోనివ్వడు. పది దాటేది. పది నుంచి ఆరుంపావు అంటే ఎనిమిదింపావు గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. మా పాపకి 9 కూడా పడట్లేదు. క్లాసులో తూగుతోందని టీచర్ డైరీలో రాసి పంపారు.

అప్పుడైనా నాకు బుద్ధి రావాలి కదా. రాలేదు. పాపని కూర్చోబెట్టి చెప్పాను: "నువ్వు పెద్దదానివి కదమ్మా. కళ్లు మూసుకుని కదలకుండా పడుకో. నిన్ను చూసి వాడూ పడుకుంటాడు." అది సరే అంది. మూడు నాలుగు రోజులు నిజంగానే గది కాస్త నెమ్మదించింది. నా ఉపాయం భలే పనిచేసిందని మా ఆయనకి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఒక రాత్రి పదింపావుకి వెళ్లి చూశాను. వాడు అడ్డంగా పడి నిద్రపోతున్నాడు. పాప గోడవైపు తిరిగి బిగుసుకుపోయి ఉంది. నిద్రపోయిందనుకుని దుప్పటి కప్పాను. అది కళ్లు తెరవకుండానే గుసగుసగా, "అమ్మా, వాడు పడుకున్నాడా? నేనింక కదలొచ్చా?" అంది.

గంటన్నర నుంచి ఆ పిల్ల నిద్ర నటిస్తోందండీ. తమ్ముడి కోసం, నా కోసం. వాడి నిద్ర సమస్య నేను తీసుకెళ్లి దాని నెత్తిన పెట్టాను. నేను అక్కడే మంచం మీద కూర్చుండిపోయాను.

అందుకే మీకు మొట్టమొదట చెప్పేది ఇది. పెద్ద పిల్ల అడ్జస్ట్ అవుతుందిలే అన్న దగ్గర మనం ఆలోచించడం మానేస్తాం. అసలు ఇద్దరూ ఒకే టైముకి పడుకోవాలని రూలేమీ లేదు. రెండు వేళలు పెట్టండి.

ముందు ఎవర్ని పడుకోబెట్టాలి? సాధారణంగా చిన్నవాళ్లని అంటారు. మా ఇంట్లో తిరగేశాం, ఎందుకంటే పొద్దున్నే లేవాల్సింది పాప. ఎవరికి ముందు నిద్ర వస్తుందో వాళ్లు ముందు, వయసుతో సంబంధం లేదు. ఎనిమిదిన్నరకి పాప ఒక్కతే గదిలోకి వెళ్తుంది. నేను పక్కన పది నిమిషాలు పడుకుంటాను. స్కూల్లో ఎవరు ఎవరితో పచ్చి కొట్టారో అన్నీ అప్పుడే బయటికొస్తాయి. ఎనిమిది ముప్పావుకల్లా లైటు ఆర్పేస్తాను. ఆ సమయంలో బాబు హాల్లో నానమ్మ దగ్గర ఉంటాడు. వాడి బ్రష్షు, బాత్రూమ్, నీళ్లు, కథ అన్నీ బయటే అయిపోవాలి. గదిలోకి వచ్చేది పడుకోవడానికి మాత్రమే. తొమ్మిదింపావుకి వాళ్ల నాన్న ఎత్తుకుని తీసుకొస్తారు. లోపల గుసగుసలే. మొదట్లో ఆ గుసగుస వాడికి పెద్ద ఆటైపోయింది, నవ్వు ఆపుకోలేక చచ్చాం. వారానికి అలవాటైంది.

"మరి వీడు లోపలికొస్తే ఆ పిల్ల లేవదా?" అని అడుగుతారు. మీరు పెళ్లిళ్లలో చూసే ఉంటారు, బాజాలు మోగుతుంటే కుర్చీలో పడి నిద్రపోయే పిల్లల్ని. నిద్ర పట్టిన కాసేపటికే పిల్లలు గాఢనిద్రలోకి జారతారు. రాత్రి మొదటి భాగంలోనే అది ఎక్కువ. తెల్లవారుజామున నిద్ర పలచబడుతుంది, అప్పుడు బీరువా తలుపు కిర్రుమన్నా లేచిపోతారు. అందుకే మాకు అసలు ఇబ్బంది రాత్రి రాలేదు, పొద్దున్న వచ్చింది. పాప యూనిఫారం తీసుకునే చప్పుడుకి వాడు ఆరుంపావుకే లేచి ఏడ్చేవాడు. ఇప్పుడు యూనిఫారం, సాక్సులు, బ్యాగు రాత్రే హాల్లోకి వచ్చేస్తాయి. పాప చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి నడుస్తుంది. వాడు ఏడుదాకా పడుకుంటాడు.

లైటు సంగతి. వాడికి వెలుతురు కావాలి, దానికి వద్దు. పైన గోడకున్న జీరో బల్బు తీసేసి, వాడి మంచం వైపు కింద ప్లగ్గులో పసుప్పచ్చ చిన్న లైటు పెట్టాం. రెండు మంచాలూ కలిపి వేసినవి విడదీశాం. మధ్యలో తాడు కట్టి నా పాత నూలు చీర ఒకటి వేలాడదీశాం. ముదురు రంగుది, వెలుతురు అటు పోదు. తెల్లటి ట్యూబ్‌లైటు, ఫోన్ వెలుగు నిద్రకి ముందు పిల్లల కళ్లల్లో పడకుండా చూడండి, వెలుతురు ఎక్కువైతే నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యమవుతుంది. చప్పుడుకి మాత్రం సీలింగ్ ఫ్యానే చాలు. ఆ గుయ్‌మనే శబ్దంలో చిన్న చిన్న అలికిళ్లు కలిసిపోతాయి.

అసలు కష్టమైంది పగటి నిద్ర. వాడు ప్లే స్కూల్ నుంచి వచ్చి, ఆడి ఆడి, మూడు గంటలకి పడుకుని అయిదున్నరకి లేచేవాడు. ఇంక ఎనిమిదిన్నరకి నిద్రెలా వస్తుంది? పగటి నిద్ర ముందుకి జరుపుదాం, గంటన్నర కాగానే లేపుదాం అన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. "నిద్రపోయే పిల్లాణ్ణి లేపకూడదమ్మా" అన్నారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. తర్వాత నాకే తట్టింది. ఆవిడ మోకాళ్ల నొప్పులకి ఆ రెండున్నర గంటలే విశ్రాంతి. నేను వాడి నిద్ర తగ్గిస్తున్నానంటే ఆవిడ విశ్రాంతి తగ్గిస్తున్నాను. అది అడక్కుండా టైమ్‌టేబుల్ చెప్తే ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? ఇప్పుడు ఒంటిగంటకల్లా అన్నం పెట్టేస్తారు, ఇద్దరూ రెండున్నర దాకా పడుకుంటారు. సాయంత్రం పాప వచ్చాక పిల్లలిద్దర్నీ కిందికి తీసుకెళ్లే పని నాది, ఆవిడ మళ్లీ నడుం వాలుస్తారు. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకి పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలి. మా వాడికి పదకొండు పైనే పడుతోంది కాబట్టి తగ్గించామన్న దిగులు లేదు.

ఇదంతా ఒక్కరోజులో మార్చకండి. నేను రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున జరిపాను. కుదురుకోవడానికి మూడు వారాలు పట్టింది. మధ్యలో వాడికి జ్వరం వచ్చి అంతా మొదటికొచ్చింది. ఎండాకాలంలో ఏసీ ఉన్నది మా గదిలోనే, నలుగురం అక్కడే పడుకున్నాం, టైమూ లేదు ఏమీ లేదు. ఊరెళ్తే హాలంతా చాపలు, అక్కడ నేను రూల్స్ మాట్లాడను. తిరిగొచ్చాక నాలుగైదు రోజుల్లో దారిలో పడతారు.

ఉన్నదే ఒక గది అయితే ఎలా అన్నవాళ్లకి: గోడ కంటే వరస ముఖ్యం. ఒకరు పడుకునేదాకా ఇంకొకరు వంటింట్లోనో గుమ్మం దగ్గరో మీతో ఉంటే చాలు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. చిన్నది ఏడాది లోపు పసిబిడ్డయితే పెద్ద పిల్లల పక్కన ఒకే పరుపు మీద పడుకోబెట్టొద్దు, ఊపిరాడని ప్రమాదం ఉంటుంది. రోజూ గట్టిగా గురకపెడుతున్నా, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించినా పిల్లల డాక్టరుకి చూపించండి, అది అలవాటు సమస్య కాదు. నిద్ర కోసమని జలుబు సిరప్పులు, గమ్మీలు మీ అంతట మీరు ఇవ్వకండి.

పాప ఇప్పుడు కొత్త పేచీ పెట్టింది. శనివారం తను తొమ్మిదిన్నర దాకా మేలుకుంటుందట, తమ్ముణ్ణి ముందు పడుకోబెట్టాలట, "పెద్దదాన్ని కదా" అంటోంది. నా మాట నాకే అప్పజెప్పింది. వాళ్ల నాన్న సరే అనేశారు, వాడు మాత్రం ఒప్పుకోలేదు. ఈ శనివారం ఏమవుతుందో చూడాలి. ఉంటానండీ, నమస్తే.