పక్షవాతం తరువాత నిలకడకు ఆట



నేను డాక్టరును కాను, రిటైరైన గుమాస్తాను. తెలుసుకున్నది మనవి చేస్తున్నాను.

పక్షవాతం నుంచి లేచినవారు తరచు బరువంతా బాగున్న కాలిమీదే మోపుతారు. తూలి పడే భయముంటుంది. చెరకు తూచే కాటా మన గోవాడవారికి కొత్త కాదు. 2007లో జపాను కంపెనీ నింటెండో వీడియో ఆటల కోసం అలాంటి చిన్న పలక తెచ్చింది. దానిపై నిలబడి ఒరిగితే టీవీలో బొమ్మ కదులుతుంది. బరువు ఎటుందో కంటికి తెలుస్తుంది. ఆట గనుక విసుగులేక మళ్ళీ మళ్ళీ చేస్తారు. ఫిజియోథెరపీలోనూ దీన్ని వాడారు.

అది లేనిచోట రెండు మామూలు కాటాలపై ఒక్కో కాలు మోపించే పద్ధతీ ఉంది. ఏదైనా వ్యాయామానికి తోడు మాత్రమే. డాక్టరు సలహా, పక్కన ఒక మనిషి తప్పనిసరి.

పిల్లలకు ఒక మాట: తాతగారు ఆడుతుంటే నవ్వకండి, పక్కన నిలబడండి. సెలవు.