అండమాన్ వీధుల్లో నేర్చుకున్న ఫోటోగ్రఫీ
(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

అండమాన్ శాఖలో పనిచేసిన రోజుల్లో నాకు అబ్బిన వీధి ఫోటోగ్రఫీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

ముందు వెలుతురు సంగతి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ సుమారు 92.7 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన గడియారాలేమో 82.5 డిగ్రీల లెక్కన నడుస్తాయి. అందువల్ల అక్కడ సూర్యుడు గడియారం కంటే దాదాపు 40 నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. క్యాష్ సరిచూసి బయటికొచ్చేసరికి చీకటే. అందుకే నా చదువంతా తెల్లవారుజామునే సాగింది.

అబెర్డీన్ బజారులో గడియార స్తంభం దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం ఓపిక. మనుషుల వెంట పరుగెత్తకూడదు. ఏటవాలు ఎండ పడే గోడ ఒకటి చూసుకుని నిలబడితే మనుషులే అందులోకి నడిచి వస్తారు. రెండో పాఠం జూమ్ మానేయడం. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాఁ ఎక్కువగా 50 మిల్లీమీటర్ల లెన్సుతోనే పనిచేశారు. దగ్గరగా కావాలంటే మన కాళ్లే నడవాలి. దగ్గరికి వెళ్తే మాట్లాడక తప్పదు.

ఆ మాటల్లోనే అసలు పాఠం దొరికింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. చేపల బజారులో కెమెరా ఎత్తబోతుంటే శ్రీకాకుళం యాసలో ఒకామె, "తీసుకెళ్లిపోతారు గానీ మాకు ఒక్కటీ ఇవ్వరు బాబూ" అంది. "ఇస్తానమ్మా" అని మాటిచ్చి తీశాను. ఆ వారమే ప్రింటు వేయించి ఇచ్చాను. కొంగుతో చేతులు తుడుచుకుని అందుకుంది. "ఊళ్లో మా అమ్మ నన్ను చూసి ఆరేళ్లయింది, ఇది పంపిస్తాను" అంది. మర్నాటి నుంచి ఆ వరుసలో నన్ను కాదన్నవాళ్లు లేరు.

అడగకుండా తీసిన చరిత్ర కూడా ఆ దీవులకు ఉంది. 1890ల్లో పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి అండమాన్ ఆదివాసులను గళ్ల తెర ముందు నిలబెట్టి, కొలతల కోసం ఫోటోలు తీశాడు. ఇష్టమా అన్న ప్రశ్నకు ఆ పాలనలో చోటు లేదు. నేడు అండమాన్ ట్రంక్ రోడ్డులో జారవాలను ఫోటో తీయడం నేరం. సెలవులకు వెళ్లేవారు ఆ దారిలో ఫోన్లు లోపల పెట్టేయండి. పిల్లలకు కారణం కూడా చెప్పండి.

ఖాతాదారు సంతకం లేనిదే మనం రూపాయి కదపం. ముఖం డబ్బు కంటే విలువైనది కదా! కళ్లతోనైనా సరే, అడిగి తీయండి. వద్దంటే నవ్వి వెళ్లిపోండి. మాటిస్తే ప్రింటు తప్పక చేర్చండి.