కాన్పుల మీద ప్రశ్న ఎవరు వేయాలి?

బాలింతల, పసిగుడ్డుల చావుల మీద పరిశోధన అనగానే మనకు గుర్తొచ్చేది ఫారాలు పట్టుకుని గడప తొక్కే సర్వే మనుషులు. ఎన్ని కాన్పులు, ఎంతమంది దక్కారు, ఏం తిన్నావు? స్త్రీ జవాబు చెబుతుంది, వాళ్ళు రాసుకుపోతారు. ప్రశ్న వేసే వంతు స్త్రీలకిస్తే ఏమవుతుందో చూసిన పరిశోధన ఒకటి మన పొరుగునే జరిగింది. ఇవాళ దాని గురించి చెబుతాను.

2005 నుంచి 2008 దాకా ఏక్‌జుట్ అనే సంస్థ, లండన్ పరిశోధకులతో కలిసి జార్ఖండ్, ఒడిశాల్లోని మూడు జిల్లాల్లో ఈ పని చేసింది. అక్కడ ఆదివాసీలు ఎక్కువ, కాన్పులు చాలావరకు ఇంట్లోనే. 36 ప్రాంతాలను చీటీలు వేసినట్టు విడదీసి, 18 చోట్ల స్త్రీల బృందాలు నడిపారు. నడిపింది ఆ ప్రాంతపు స్త్రీలే. నెలకో సమావేశం చొప్పున మొత్తం ఇరవై. బొమ్మల కార్డులు, కథలు, ఆటలతో మొదలుపెట్టి, తల్లీబిడ్డల కష్టాల్లో ముందు దేన్ని పట్టుకోవాలో బృందమే తేల్చుకునేది. ఏం చెయ్యాలో అనుకుని, చేసి, ఏమైందో తామే చూసుకునేవాళ్ళు.

మిగతా 18 చోట్లతో పోలిస్తే నెల లోపు బిడ్డల చావులు 32 శాతం తగ్గాయి. మూడో ఏడు వచ్చేసరికి తల్లుల్లో ఒక మోస్తరు కుంగుబాటు కూడా 57 శాతం తక్కువ. మార్పు ప్రధానంగా ఇంట్లోనే వచ్చింది. కాన్పు చేసే మనిషి సబ్బుతో చేతులు కడుక్కోవడం, కింద శుభ్రమైన ప్లాస్టిక్ షీటు పరవడం, బొడ్డు కట్టే దారం మరిగించడం, ఇలాంటివే.

అయితే 2010లోనే బంగ్లాదేశ్ నుంచి ఇదే పద్ధతి మీద ఇంకో ఫలితం వచ్చింది: ఏమీ తగ్గలేదు. అక్కడ సుమారు 1400 మంది జనాభాకు ఒక్క బృందం. తర్వాత అదే జిల్లాల్లో సుమారు 300 మందికి ఒకటి పెట్టి చూస్తే పసిబిడ్డల చావులు 38 శాతం తగ్గాయి. మన కార్యకర్తలు గుర్తు పెట్టుకోవలసింది ఈ సంగతే అని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఈ పద్ధతిని సిఫార్సు చేసింది కదా, మనకు పొదుపు సంఘాలున్నాయి, అందులో కలిపేద్దాం అనే మాట వింటుంటాను. నేను తిరిగిన ఊళ్ళలో సంఘంలో కూర్చునేది అత్తగారు. కడుపుతో ఉన్న కోడలు ఇంట్లో ఉంటుంది. పైగా ఉన్న గంటా వాయిదాల లెక్కలకే సరిపోతుంది. ఆశా కార్యకర్త నెత్తిన ఇంకో రిజిస్టరు పెట్టి ఇదే స్త్రీల భాగస్వామ్యం అంటే నేనొప్పుకోను. సమావేశాలు జరుగుతున్నాయని చెప్పి, రక్తం దొరకని ఆసుపత్రి గురించి ప్రభుత్వం జవాబు ఎగ్గొట్టడానికీ వీల్లేదు.

ఇక మన దగ్గర. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రిలోనే. నూటికి 60 పైన ఆపరేషన్లు, ప్రైవేటులో అయితే 80 పైనే. ఆంధ్రలో మొత్తం మీద 42. మన ఊళ్ళో బృందం కూర్చుంటే దారం మరిగించే సంగతి రాదు. కోత ఎందుకు కోశారు, నన్నెవరూ అడగలేదేం, ఆ అప్పు ఎప్పటికి తీరుతుంది, ఇవి వస్తాయి. ముహూర్తాల సంగతీ వస్తుంది, అది డాక్టర్ల మీదకు నెట్టేసేది కాదు, మన ఇళ్ళలోదే. ఆ బొమ్మల కార్డులు మనవాళ్ళతోనే గీయించాలి.