కమ్మల ఇళ్ళూ, ఊరి బిందెలూ

దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో మంటలార్పేవాళ్ళకు జీతం లేదు. 1851లో వల్పరాయిసో రేవులో మొదలైన స్వచ్ఛంద దళాల పద్ధతే అక్కడ ఇప్పటికీ నడుస్తోంది. మన శ్రీకాకుళం జిల్లా టెక్కలి, పలాసల్లో ఉన్నవి ప్రభుత్వ అగ్నిమాపక కేంద్రాలు. కానీ చుట్టుపక్కల ఉద్దానం పల్లెల్లో మొదటి దళం ఎప్పుడూ ఊరే.

తాటాకు కమ్మల ఇళ్ళు వరసగా ఉండే రోజుల్లో, ఎండాకాలం సముద్రపు గాలికి ఒక నిప్పురవ్వ చాలు, వీధంతా బూడిదయ్యేది. ఆడవాళ్ళు నూతి దగ్గర నుంచి బిందెలు అందించేవారు. మగవాళ్ళు పైకెక్కి, ఇంకా అంటుకోని పక్కింటి కప్పు లాగిపారేసేవారు. మంటకు మేత లేకుండా చేయడమన్నమాట. ఆ ఇంటాయనకు ఎంత కష్టమో ఆలోచించండి!

పలాస జీడి పరిశ్రమలది వేరే సంగతి. జీడితొక్కలో నూనె ఉంటుంది. కాగుతున్న నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మంట చిమ్ముతుంది. ఇసుకో, నురగో కావాలి. ఇక్కడ బిందెలు చాలవు, శిక్షణ కావాలి.

శిక్షణ ఉన్నవాళ్ళకూ ఈ పని ప్రమాదమే. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్ళ స్మృతిలోనే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు. ఆ వారంలో మీ దగ్గరి కేంద్రానికి పిల్లల్ని తీసుకెళ్ళండి. మంట కనిపిస్తే ముందు 101కి ఫోను చేసి, ఆ తర్వాతే బిందె అందుకోండి.