పరదేశపు సరకు – మన పక్షపు మనిషి



శంషాబాదు చుట్టుపట్ల గ్రామములలో నున్నవారికి విమానముల చప్పుడు ఇప్పుడు కోడికూత వలె అలవాటైపోయినది. 2008వ సంవత్సరము మార్చి నెలలో బేగంపేట నుండి విమానముల రాకపోకలు ఇచ్చటికి మారినవి. ప్రయాణికులు దిగుట మన మందరము చూచినదే. ఆ ఆవరణమునందే మరియొక వైపున పెట్టెలు, మూటలు, యంత్రభాగములు, ఔషధములు దిగుచుండును. ఆ సరకు ద్వారము మన పొలముల కెంత దగ్గరగా నున్నదో, అందలి వ్యవహారము మనకంత దూరముగా నున్నది. నేటి నా ప్రసంగము దానిని గూర్చియే.

పరదేశమునందలి వస్తువు కావలెననిన మనము అక్కడికి పోలేము. భాష రాదు, బేరము తెలియదు, అమ్మువాడు మంచివాడో కాడో చెప్పువారు లేరు. కనుక మన పక్షమున వెదకి, బేరమాడి, నాణ్యము చూచి, కట్టించి పంపువా డొకడు కావలెను. వానినే కొనుగోలు ఏజెంటు అందురు. వానికి మనము నూటికింత అని కమీషను ఇత్తుము.

ఇది క్రొత్త పద్ధతి కాదు. హైదరాబాదులోని సాలార్జంగు మ్యూజియమును మీలో పెక్కుమంది చూచియుందురు. అందలి వస్తువులలో అధికభాగమును సేకరించిన మూడవ సాలార్జంగు 1949లో గతించిరి. మ్యూజియమును 1951 డిసెంబరులో నెహ్రూగారు ప్రారంభించిరి. ఆ నవాబుగారికి విదేశములందు ఏజెంట్లుండిరి. వారు అచ్చటి పేరుమోసిన వర్తకుల జాబితాలను పంపుచుండిరి. నవాబుగారు చూచి, మెచ్చినవి తెప్పించుకొనుచుండిరి. అంతటితో ఊరకుండక యూరపు పోయినప్పుడు స్వయముగా కొనుటయు కలదు. ఏజెంటు నుంచుకొన్నను తన కన్నును మూసికొనలేదన్నమాట.

సుంకము మాట యన్ననో మరింత ప్రాచీనము. కౌటిల్యుని అర్థశాస్త్రమున శుల్కాధ్యక్షుడను అధికారి కలడు. నగర ద్వారము చెంత శుల్కశాల. వచ్చిన వర్తకుడెవడు, ఎచ్చటివాడు, సరకెంత, ముద్ర ఎచ్చట వేయబడినది అని అక్కడ వ్రాసికొనవలెను. నేడు కస్టమ్స్ వారు పుచ్చుకొను బిల్ ఆఫ్ ఎంట్రీలో అడుగు ప్రశ్నలును ఇంచుమించుగా ఇవియే. నిజాము కాలపు కరోడ్‌గిరీ నాకాలను గూర్చి మా తాతగారు చెప్పుచుండెడి కథలు వేరు. అవి ఇప్పుడు వద్దు.

ఇక నేను చెప్పదలచినది నా తప్పు.

నాలుగేండ్ల క్రిందట మా గ్రామమున ముగ్గురు రైతులు పాలీహౌసులు వేసి జెర్బెరా పూలు పండింపబూనిరి. హాలండు మొక్కలు మేలని విని, పట్టణమునందలి యొక ఏజెంటు ద్వారా తెప్పింప నిశ్చయించిరి. ఒడంబడిక వ్రాయుటకు నా యొద్దకు వచ్చిరి. ముప్పది యేండ్లు వ్యాకరణము చెప్పినవాడను గదా, ఒక ఒడంబడిక నాకెంత! మొక్కల జాతి, రంగులు, లెక్క, వెల, గడువు, విమానపు కూలి ఎవరిది, కమీషను ఎంత – అన్నియు సంధి దోషము కూడ లేకుండ వ్రాసితిని. ఏజెంటు సరేయనెను. సగము పైకము పంపిరి.

చైత్రమాసపు ఎండలలో మొక్కలు దిగినవి. మరునాడు పెద్దరైతు మా వాకిటికి వచ్చి, "సారూ, మొక్కలొచ్చినయి గని ఇస్తలేరు" అనెను.

సంగతి యేమనగా, విదేశపు మొక్కలతో విదేశపు తెగుళ్లును రాకుండుటకై 2003లో భారత ప్రభుత్వము మొక్కల క్వారంటైను ఉత్తర్వు చేసినది. దాని ప్రకారము ఇట్టి మొక్కలు బయలుదేరుటకు పూర్వమే ఇక్కడ దిగుమతి అనుమతి పత్రము పొందవలెను. పంపు దేశపు ప్రభుత్వము మొక్కలకు తెగులు లేదని ఆరోగ్యపత్రము ఈయవలెను. ఆరోగ్యపత్రము వచ్చినది; అనుమతి పత్రము లేదు. అది లేనిచో సరకును త్రిప్పి పంపవలెను, లేదా నాశనము చేయవలెను. అధికారి తప్పేమియు లేదు. ఆయన మర్యాదగానే చెప్పెను.

ఏజెంటు నడిగితిమి. "అనుమతి తెచ్చుట నా పని యని మీ కాగితములో ఎక్కడ నున్నది?" అనెను. చూచితిని. నిజముగనే లేదు. సంధులు సరిచూచుకొన్న నేను ఆ ఒక్క వాక్యమును మరచితిని.

మొక్కలు పోయినవి. ముగ్గురిలో చిన్నవాడు ఆ యేడు రెండు పాడిబఱ్ఱెల నమ్మెను. "సారూ, నువ్వేం జేస్తవు, మాకే ఎర్క లేకపాయె" అని అతడే నన్నోదార్చెను. తిట్టియుండిన బాగుండెడిది.

అటుపిమ్మట 1872 నాటి కాంట్రాక్టు చట్టమును తెప్పించి, ఏజెన్సీని గూర్చిన అధ్యాయమును చదివితిని. 211వ విభాగము ప్రకారము ఏజెంటు మన ఆదేశముల ననుసరింపవలెను. 213 ప్రకారము అడిగినప్పుడు లెక్క చెప్పవలెను. మనకు తెలుపక తన సరకునే మనకంటగట్టిన యెడల 215 ప్రకారము ఆ బేరమును మనము కాదనవచ్చును. మాకు పనికివచ్చినది 212. ఆ వృత్తిలోనివారికి సాధారణముగా ఉండు నేర్పుతో ఏజెంటు పనిచేయవలెనని, అజాగ్రత్త వలన కలిగిన నష్టమునకు పూచీ పడవలెనని అందున్నది. మొక్కలు తెప్పించుటయే వృత్తిగా గలవానికి అనుమతి సంగతి తెలియకుండునా? ఈ మాటనే ఉత్తరము వ్రాసితిని. రెండు నెలలు త్రిప్పి కమీషను తిరిగి యిచ్చెను. మొక్కల వెల ఈయలేదు. వ్యాజ్యమునకు పోవు ఓపిక మావారికి లేకపోయెను.

ఇక్కడ నొక సూక్ష్మము. ఏజెంటు ఎవరి మనిషి యన్నది సుంకము లెక్కలో కూడ తేడా తెచ్చును. 2007 నాటి వెల నిర్ణయపు నియమముల ప్రకారము, అమ్మువాని మనిషికి మనమిచ్చు కమీషను సరకు వెలలో కలియును, దానిపై సుంకము పడును. మన పక్షమున కొనువానికిచ్చు కమీషను అందు కలియదు. ఇరువురి చేత పుచ్చుకొను ఏజెంట్లు లేకపోలేదు. కావున వాడెవరి మనిషియో కాగితముపై నుండవలెను. కస్టమ్స్ యొద్ద సరకు విడిపించు బ్రోకరు వేరు. అతనికి ప్రభుత్వపు లైసెన్సు ఉండవలెను. వ్యాపారమునకు తెప్పించువానికి దిగుమతిదారు కోడు కావలెను. ఇవన్నియు ఒక్కడే చూచునని నమ్మి కూర్చుండరాదు.

మరియొకటి చెప్పక తీరదు, ఏలయన మన విమానాశ్రయపు పేరు చెప్పియే ఈ మోసము జరుగుచున్నది. ఎవరో విదేశ మిత్రుడు కానుక పంపెనని, అది కస్టమ్స్‌లో చిక్కుకొన్నదని, వెంటనే ఇంత కట్టుమని ఫోను వచ్చును. కస్టమ్స్ శాఖవారు ఎవరి సొంత ఖాతాలోనికిని సుంకము కట్టుమని అడుగరు. 2019 నవంబరు 8 నుండి వారి ఉత్తరములపై డిన్ అను గుర్తింపు సంఖ్య వేయుచున్నారు. దానిని వారి వెబ్‌సైటులో సరిచూచుకొనవచ్చును. పొరపాటున కట్టినవారు సిగ్గుపడి దాచక, ఆ క్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది డబ్బు చేతులు మారుచునే యుండును.

పోయిన సంవత్సరము మావారు మరల తెప్పించిరి. ఏజెంటు వేరు. ఈ పర్యాయము అనుమతి పత్రము మా చేతికి వచ్చిన తరువాతనే పైకము కదిలినది. మొక్కలు దిగిన దినమున నన్నుకూడ వెంటబెట్టుకొని పోయిరి. అధికారులు పెట్టెలు విప్పి ఆకులు త్రిప్పిత్రిప్పి చూచుచుండగా మేము బయట వేచియుంటిమి. చిన్నవాడు అనుమతి పత్రమును నా చేతికిచ్చి, "సారూ, మొక్క పేరు తప్పు పడలే గద? ఇంకోపారి జూడుండ్రి" అనెను.

అప్పటికి రెండు మారులు చదివియుంటిని. కండ్లద్దములు తీసి తుడుచుకొని, మొదటి అక్షరము నుండి మరల చదువ నారంభించితిని.