సేద్యం మనది, పేరు ఎవరిది?

(కర్నూలు, కడప జిల్లాల దళిత కౌలు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సీమలో బుడ్డలు ఎండినా, పత్తి రాలినా, ఉల్లి మురిగినా పోయేది సేద్యం చేసినోడి పెట్టుబడి. బ్యాంకు గడువు పెంచేది మాత్రం పట్టా ఉన్నోడి అప్పుకు. మాల మాదిగ పేటల్లో మనం ఎక్కువమంది గుత్తకో, కోరుకో చేసేవాళ్లం. మన అప్పు ఎవరి పుస్తకంలో ఉంది?

ఇది పాత కథే. 1938లో మద్రాసు ప్రభుత్వం రైతుల అప్పులు తగ్గించే చట్టం తెచ్చింది. మన జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉండె. ఆ చట్టంలో రైతంటే భూమి మీద హక్కు ఉన్నోడే, కూలోడు లెక్కలోకి రాలేదు. 1977లో కూలీల, చిన్న రైతుల ప్రైవేటు అప్పులు రద్దు చేస్తూ రాష్ట్రం చట్టం చేసింది గానీ, అది ఆనాటి దాకా ఉన్న అప్పులకే. 2008లో కేంద్రం మాఫీ, 2014లో రాష్ట్రం ప్రకటించిన లక్షన్నర మాఫీ, రెండూ బ్యాంకు, సొసైటీ అప్పులకే. ఎరువుల అంగడి బాకీ, ప్రోనోటు బాకీ అట్లనే నిలబడినాయి.

నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే యాభై వేలకు ఏడాదికి 18,000. బ్యాంకులో 7 శాతమైతే 3,500. మూడేళ్లకు నోటు తిరగరాసి వడ్డీని అసలులో కలిపితే యాభై వేలు 1,04,000 అవుతుంది.

రిజర్వు బ్యాంకు 2018 ఆదేశాలు ఏం చెప్పినాయి? విపత్తులో పంట 33 శాతం పోతే రెండేళ్లు, సగమో అంతకు మించో పోతే ఐదేళ్ల దాకా గడువు. అందులో మొదటి ఏడాది వాయిదా కట్టే పని లేదు. కొత్త పంటకు కొత్త అప్పు. విపత్తుకు ముందే గడువు దాటిన అప్పుకు మాత్రం ఇది లేదు. కొన్నిచోట్ల జరిగేది వేరే. షావుకారు కాడ వారానికి చేబదులు తెప్పించి కట్టించుకుంటారు, మర్నాడు అదే అప్పు మళ్లీ రాస్తారు. దాన్ని రెన్యువల్ అంటారు, రీషెడ్యూల్ అని మోసపోవద్దు.

అందుకే విత్తనం పడకముందే మన పేరు కాగితం మీద పడాల. 2019 చట్టం కౌలు రైతుకు 11 నెలల సాగు హక్కు కార్డు ఇచ్చింది, కానీ దానికి భూమి యజమాని సంతకం కావాలంది. ఆ సంతకం కాడనే మన మెడ వంచుతారు. ఒక్కడు అడిగితే చేను ఇంకొకడికి పోతాది. పేటంతా ఒక్క మాట మీద అడగాల. ఈ-పంటలో సాగుదారు పేరు రాయించుకోవాల. పంట పోతే గడువు దాటకముందే బ్యాంకుకు అర్జీ రాసిచ్చి రసీదు తీసుకోవాల. ఇప్పుడు అమల్లో ఉన్న షరతులేందో రాతలో అడగాల. ఖాళీ నోటు మీద వేలిముద్ర వేయొద్దు. బాకీ కింద మనిషిని జీతానికి పెట్టుకుంటే 1976 చట్టం ప్రకారం నేరం, ఆ బాకీ చెల్లదు.

వచ్చే ఏరువాకకు ముందు ప్రతి పేటలో లిస్టు రాయండి: ఎవరి చేను, ఎవరి సేద్యం, ఎవరికెంత బాకీ. అది పట్టుకొని తహశీల్దారు కాడికి, బ్యాంకుకు అందరం కలిసి పోదాం.

జై భీమ్.